కొలత గుమ్మం

అనగనగా ఒక రాజు. ఊఁ కొడుతూ వినండి, మీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగుతుంది. ఆ రాజు పేరు తురగవర్మ, ఆయన ఏలే రాజ్యం కంబుగిరి. ఆయనకి గుర్రాలంటే పిచ్చి. పొద్దున్నే లేచి రాణి ముఖం చూడడు, తిన్నగా శాలకి వెళ్లి గుర్రం ముఖం చూస్తాడు. రాణి మంచిది కాబట్టి ఊరుకుంది. నేనైతే ఊరుకోను.

ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వజ్రకేతు, నిలువెత్తు మనిషి. రెండోవాడు రత్నకేతు, చూడచక్కనివాడు. మూడోవాడు నీలకేతు. పుట్టుకతోనే అతని ఎడమకాలు కుడికాలికంటే నాలుగు వేళ్ల వెడల్పంత పొట్టి. నడిస్తే పక్కకి ఒరిగి ఒరిగి నడిచేవాడు. అన్నలిద్దరూ గుర్రాలెక్కి పందేలు వేసుకుంటుంటే, నీలకేతు గుర్రాలకి నాడాలు కొట్టే కమ్మరి పెద్దన్న కొలిమి దగ్గర కూర్చునేవాడు.

పెద్దన్నకి ఒక్కతే కూతురు, పేరు సంపంగి. ఆ పిల్లకి నత్తి. "నీళ్లు" అనాలంటే మూడుసార్లు మొదలుపెట్టాలి. ఊళ్లోవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది? ఆమె నోరు తెరవగానే మధ్యలో అందుకుని మాట తామే పూర్తి చేసేసేవాళ్లు. నీలకేతు మాత్రం ఆగేవాడు. అతని నడక నిదానం, ఆమె మాట నిదానం, ఇద్దరికీ తొందర లేదు. అలా కొలిమి పక్కనే పెరిగి పెద్దయ్యారు. ఒకరంటే ఒకరికి ప్రాణమైంది.

ఇలా ఉండగా ఒకరోజు సభకి ఒక మాంత్రికుడు వచ్చాడు. పేరు నిష్కళంకుడు. ఎంత అందగాడంటే ద్వారపాలకులు ఆపడం మరిచిపోయి నోరు తెరుచుకుని చూశారు. మరీ ముఖ్యంగా అతని పెదవులు, శిల్పి చెక్కినట్టు ఉంటాయి.

"మహారాజా, మీ శాలని మూడేళ్లు నాకు అప్పగించండి" అన్నాడు.

రాజు అప్పగించాడు. మాంత్రికుడు గుర్రాల సుడులు చూశాడు, కాళ్లు చూశాడు, పళ్లు చూశాడు. ఏ ఆడగుర్రాన్ని ఏ మగగుర్రంతో కట్టాలో తానే చెప్పాడు. నచ్చనివాటిని శాల నుంచి తోలించేశాడు. మూడేళ్లు తిరిగేసరికి కంబుగిరి గుర్రాలు గాలితో పోటీ పడ్డాయి. రాజు ఆనందం పట్టలేకపోయాడు. శాలలో మిగిలిన గుర్రాల్ని చూసి మురిసిపోయాడే గానీ, మిగలనివి ఏమయ్యాయని అడగలేదు.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"నాకేమీ వద్దు మహారాజా. గుర్రాలకి చేసిందే మనుషులకీ చేయనివ్వండి. కుంటితనం, గుడ్డితనం, నత్తి, గూని ఏవీ లేని రాజ్యం చేసిపెడతాను. బిడ్డని చూసుకుని ఏ తల్లీ ఏడవని రాజ్యం."

ఎంత మెత్తగా అన్నాడో చూడండి! వింటే ఎవరికైనా మంచిమాటే అనిపిస్తుంది. రాజుకీ అనిపించింది. గుర్రం కళ్లెం పట్టుకుని సరేనన్నాడు. కంబుగిరిలో కళ్లెం పట్టుకుని ఇచ్చిన మాటని రాజైనా వెనక్కి తీసుకోకూడదు.

మాంత్రికుడు అంగడివీధి మధ్యలో ఒక నల్లకర్ర పాతి మంత్రం వేశాడు. కర్ర పెరిగి పెద్ద గుమ్మమైంది. పెళ్లీడు వచ్చినవాళ్లంతా ఆ గుమ్మం దాటాలి. దాటినవాళ్ల చేతికి రాగి కడియం వేస్తారు. కడియం ఉంటేనే పెళ్లి. గుమ్మం ఎవరినైనా వెనక్కి తోసిందంటే వాళ్లు ఏటి అవతల దిబ్బ మీదికి పోయి, బతికినన్నాళ్లూ రాజుగారి గుర్రాలకి గడ్డి కోస్తూ ఉండాలి. వాళ్లకి పెళ్లి లేదు, పిల్లల్లేరు. ఆ ఏర్పాటంతా చేసేసి మాంత్రికుడు ఏడు సముద్రాల అవతల తన దీవికి వెళ్లిపోయాడు.

మొదటి ఏడాది గుమ్మం కుంటివాళ్లని తోసింది, గుడ్డివాళ్లని తోసింది, నత్తివాళ్లని తోసింది. మిగతా జనం అయ్యో పాపం అని నాలుక చప్పరించి, మన పిల్లలు కాదు కదా అనుకుని ఇళ్లకి పోయారు.

నీలకేతునీ తోసింది, సంపంగినీ తోసింది. రాజు కొడుకుని పిలిచి, "నువ్వు నా బిడ్డవి, నిన్ను దిబ్బ మీదికి పంపను. కోటలోనే ఉండు. పెళ్లి మాట మాత్రం ఎత్తకు" అన్నాడు.

పెద్దన్న వచ్చి రాజు కాళ్ల మీద పడ్డాడు. "దొరా, నా బిడ్డకి మాట తడబడుద్ది గానీ మనసు తడబడదు. తల్లి లేని పిల్ల. నా కాడే ఉండనియ్యండి దొరా."

"కళ్లెం పట్టుకుని మాటిచ్చాను పెద్దన్నా" అన్నాడు రాజు, ముఖం పక్కకి తిప్పుకుని. సంపంగిని పడవెక్కించి దిబ్బకి పంపేశారు.

రెండో ఏడు వచ్చింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. గుమ్మం తనంతట తానే ఒక బెత్తెడు కుంచించుకుపోయింది! ఆ ఏడు మెల్లకన్నువాళ్లని తోసింది, పొట్టివాళ్లని తోసింది, ముఖం మీద మచ్చ ఉన్నవాళ్లని తోసింది.

మూడో ఏటికి ఇంకో బెత్తెడు తగ్గింది. కంబుగిరిలో పెళ్లిబాజా వినపడటం మానేసింది. ఉయ్యాలలు చేసే వడ్రంగులు పాడెకర్రలు చెక్కుకుంటూ కూర్చున్నారు. ఆ ఏడే పెద్దకొడుకు వజ్రకేతుకి పెళ్లి కుదిరింది. అప్పటిదాకా అన్నలిద్దరూ తమకేం లోపమని గుమ్మం దాకా రానేలేదు. ఏనుగు మీద ఊరేగుతూ గుమ్మం దగ్గరికి వచ్చాడు. గుమ్మం అతన్ని ఎత్తి వెనక్కి పారేసింది. ఎందుకనుకున్నారు? ఎడమచేతి వాటం! రెండోవాడు రత్నకేతు వెళ్లాడు. అతన్నీ పారేసింది. నడినెత్తిన రెండు సుడులున్నాయట!

అప్పుడు దిగింది రాజుకి మత్తు. తనదాకా వస్తే గానీ దిగలేదు, ఏం చేస్తాం? గొడ్డలి తెప్పించాడు, గొడ్డలి వంకర పోయింది. నిప్పు పెట్టించాడు, నిప్పు ఆరిపోయింది. "ఆ మాంత్రికుడే దీన్ని దింపాలి. వెళ్లి ఎలాగైనా ఒప్పించి రండి" అన్నాడు కొడుకులతో.

వజ్రకేతు మేలుజాతి గుర్రమెక్కి వెళ్లాడు. మూడు నెలలైనా తిరిగి రాలేదు. రత్నకేతు అంతకంటే మేలైన గుర్రమెక్కి వెళ్లాడు. అతనూ రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు నీలకేతు.

"నువ్వా?" అన్నాడు రాజు. చూశారా, అప్పటికీ ఆ మాటే!

నీలకేతు పెద్దన్న ఇంటికి వెళ్లాడు. పెద్దన్న పెరట్లో గడ్డివాము వెనక ఒక ముసలి ఆడగుర్రాన్ని దాచి పెంచుతున్నాడు. దాని కంటి కింద సుడి ఉంది. కన్నీటిసుడి, ఇంటికి అరిష్టం అని మాంత్రికుడు తోలించేసిన గుర్రం అది. నీలకేతు దాని వీపు నిమిరేసరికి అది మాట్లాడింది.

"రాకుమారా, నన్నెక్కుతావా? నా సుడి మంచిది కాదన్నారు."

"నా కాలు మంచిది కాదన్నారు. ఇద్దరికీ సరిపోయింది పద" అన్నాడు నీలకేతు.

దారిలో ఏటి ఒడ్డున ఆగాడు. అవతల గడ్డి కోస్తున్న సంపంగి అతన్ని చూసి ఒడ్డుకి పరుగెత్తుకొచ్చింది. "వ... వ... వచ్..." అని ఆగిపోయింది. నీలకేతు గుర్రాన్ని కదలనివ్వలేదు. "వ... వచ్చెయ్ మళ్లీ" అంది చివరికి. ఆ మాట పూర్తిగా విని, చెయ్యి ఊపి కదిలాడు.

ఉప్పు సముద్రం దాటారు, ఒళ్లంతా చుర్రుమంది. చెరకు రసపు సముద్రం దాటారు, గుర్రం కడుపు నిండా తాగింది. కల్లు సముద్రం దాటేటప్పుడు మాత్రం ఇద్దరూ ముక్కు మూసుకున్నారు. నేతి సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. ఆఖరికి మంచినీళ్ల సముద్రం దాటి, ముఖాలు కడుక్కుని మాంత్రికుడి దీవిలో దిగారు.

అక్కడ మొదట ఒక అద్దాల మండపం. లోపల వజ్రకేతు, రత్నకేతు చెరో అద్దం ముందు కూర్చుని ఉన్నారు. పిలిచినా పలకరు. ఆ అద్దంలో చూసుకుంటే మనలో ఏ లోపమూ లేనట్టు కనిపిస్తుంది. అలాంటి తమని చూసుకుంటూ అన్నం, నీళ్లు, వచ్చిన పని అన్నీ మరిచిపోయారు.

నీలకేతు కూడా చూశాడు. అద్దంలో అతనికి రెండు కాళ్లూ సమానం. తిన్నగా, ఠీవిగా నిలబడి ఉన్నాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి? అతని గుండె లాగేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

"ఎవరు రాకుమారా అది?" అంది గుర్రం.

"నేనే. కానీ ఈ కాళ్లతో పుట్టి ఉంటే నేనూ అన్నలతో పందేలకి పోయేవాణ్ణి. కొలిమి దగ్గర కూర్చునేవాణ్ణి కాదు. వీడికి సంపంగి ఎవరో తెలియదు." ఆ మాట అనగానే అద్దం నుంచి చూపు మరల్చుకుని ఒరిగి ఒరిగి బయటికి నడిచాడు.

మాంత్రికుడు తోటలో ఎదురయ్యాడు. చుట్టూ వెయ్యి చిలుకలు. అన్నీ ఒకే పచ్చ, ఒకే ముక్కు, ఒకే పలుకు.

"గుమ్మం దింపమని అడగడానికి వచ్చావు. అంతేనా?" అన్నాడు నవ్వుతూ. "నా దగ్గర వెయ్యి చిలుకలున్నాయి. ఒక్కదానికైనా లోపం లేదు. మూడు రోజులు వీటికి మేత వెయ్యి. ఒక్క లోపం చూపిస్తే నువ్వు చెప్పింది వింటాను. చూపించలేకపోతే అద్దం ముందు నీకూ చోటుంది."

మొదటి రోజు నీలకేతు చిలుకల రెక్కలన్నీ వెతికాడు. లోపం లేదు. రెండో రోజు గోళ్లూ కళ్లూ వెతికాడు. లోపం లేదు. మూడో రోజు పొద్దున తల పట్టుకుని కూర్చున్నాడు.

గుర్రం వచ్చి భుజం మీద మూతి ఆనించింది. "మన శాలలో దాణా పోసేటప్పుడు మొదట ఏ గుర్రాన్ని చూస్తారు రాకుమారా?"

"తినడానికి రానిదాన్ని" అన్నాడు నీలకేతు. అంటూనే లేచి నిలబడ్డాడు.

కంబుగిరి శాలల్లో అది తాతల నాటి పద్ధతి. ఉడికిన ఉలవలు తొట్టిలో పోసి, ఎగబడే గుర్రాల్ని వదిలేసి, మూలన నిలబడిపోయిన గుర్రం ఏదని చూస్తారు. దానికే మన అవసరం. ఇన్ని రోజులూ వచ్చిన చిలుకల్నే వెతికాడు. ఈసారి గింజలు చల్లి, వచ్చినవాటిని లెక్కపెట్టాడు. తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఒకటి రాలేదు.

తోటంతా గాలించాడు. చివరికి మల్లెతీగ చాటున గోడలో ఒక గూడు కనబడింది. అందులో చిన్న చిలుక. దాని పైముక్కు నడిమికి చీలి ఉంది. గింజ కొరకలేదు. పక్కన ఒక ఇత్తడి ఉగ్గుగిన్నె, అందులో ఇంకా వెచ్చగా పాలు. ఎవరో రోజూ వచ్చి దానికి పాలు పడుతున్నారన్నమాట.

చిలుక పసిపిల్లాడి గొంతుతో అడిగింది. "అమ్మా, ఊళ్లోవాళ్లు వెళ్లిపోయారా? నేను బయటికి రావచ్చా?"

నీలకేతు గూట్లోకి వంగి చూశాడు.

"మాంత్రికుడి ప్రాణం ఇందులోనే ఉంది" అంది గుర్రం. "మెడ విరిచెయ్యి. అక్కడితో పీడ వదిలిపోతుంది."

నీలకేతు చిలుకని చేతిలోకి తీసుకున్నాడు. గుప్పెడంత లేదు, గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోంది. మెడ విరవలేదు. ఉగ్గుగిన్నె అందుకుని, చీలిన ముక్కుకి ఆనించి చుక్క చుక్కగా పాలు పట్టాడు. పట్టడం అయ్యేసరికి వెనక అడుగుల చప్పుడైంది. మాంత్రికుడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"దాన్ని ఏం చెయ్యకు" అన్నాడు.

"లోపం చూపించమన్నావు, చూపించాను. నీ గుమ్మం దీన్ని దాటనిస్తుందా?"

"దాటనివ్వదు."

"మరి దీన్ని ఏం చెయ్యమంటావు? నీ నియమం నువ్వే చెప్పు."

"అది... అది నాది" అన్నాడు మాంత్రికుడు. "మా అమ్మ దానికి పాలు పట్టింది. పాలు పీల్చడం రాకపోతే రాత్రీ పగలూ ఆ ఉగ్గుగిన్నెతో పట్టి బతికించింది. అది నేనే. చీలిన పెదవితో పుట్టాను. ఎవరైనా వస్తే అమ్మ నన్ను దాచేసేది. చూసినవాళ్లు శకునం అనేవాళ్లు. అమ్మ ఏడ్చేది. ఇంకే తల్లీ అలా ఏడవకూడదని కదా ఈ మంత్రాలన్నీ నేర్చుకున్నాను. నాలోని ఆ పిల్లాణ్ణి చిలుకని చేసి ఇక్కడ దాచాను."

నీలకేతుకి అతని మీద కోపం పోయింది. కింద కూర్చుని, అతన్నీ కూర్చోబెట్టాడు.

"ఒక్క మాట అడుగుతాను. చిన్నప్పుడు నీకు పెదవి నొప్పి పెట్టేదా?"

మాంత్రికుడు ఆలోచించాడు. "లేదు."

"మరి నొప్పి దేనికి?"

"వాళ్ల చూపులకి" అన్నాడు.

"ఏటి అవతల నాలుగు వేలమంది ఉన్నారయ్యా. ప్రతి ఒక్కరికీ ఒక అమ్మ పాలు పట్టింది. ఇప్పుడు వాళ్ల అమ్మలు ఒడ్డున నిలబడి ఏడుస్తున్నారు, నీ గుమ్మం వల్ల."

మాంత్రికుడు పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చిలుక ఎగిరి అతని భుజం మీద వాలింది. వాలగానే కనబడకుండా పోయింది. అతని చెక్కిన పెదవి నడిమికి చీలింది. చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, మానేశాడు. అద్దాల మండపంలో అద్దాలు మసకబారాయి, అన్నలిద్దరూ ఒళ్లు విరుచుకుని బయటికి వచ్చారు.

"గుమ్మం నా మంత్రంతో లేచింది గానీ, నిలబడింది మీ నాన్న మాట మీద" అన్నాడు మాంత్రికుడు. "ఆయన ఇంతవరకు దాని కింద నిలబడలేదు. నిలబడి, నేను దీనికి సరిపోనని నిండు వీధిలో ఒప్పుకుంటే అది కూలుతుంది. ఇంకో దారి నా దగ్గర కూడా లేదు."

ముగ్గురన్నదమ్ములూ ఏడు సముద్రాలూ దాటి తిరిగొచ్చారు. అప్పటికి గుమ్మం ఇంకా ఇంకా కుంచించుకుపోయి మేకపిల్ల దూరేంత అయిపోయింది. ఊరంతా ఎదురొచ్చింది. దిబ్బ మీద వాళ్లు కూడా పడవలు కట్టుకుని వచ్చేశారు, ఎవరూ ఆపలేదు. రాజు నీలకేతుని కౌగిలించుకుని, జరిగిందంతా విన్నాడు. గుమ్మం కింద నిలబడాలన్న మాట దగ్గర మాత్రం ఆయన ముఖం మాడిపోయింది.

"నాయనా, అదంతా ఎందుకు? ఏడు సముద్రాలు దాటావు, అన్నల్ని తెచ్చావు. నువ్వు యోగ్యుడివని లోకానికి తెలిసింది. ఇదిగో, నీకొక కడియం, సంపంగికొక కడియం. రేపే పెళ్లి చేస్తాను" అన్నాడు.

"నాన్నగారూ, వెళ్లకముందు నేను యోగ్యుణ్ణి కాదా? ఏ సముద్రమూ దాటనివాళ్ల సంగతేమిటి?" అన్నాడు నీలకేతు.

రాజు కడియం సంపంగికి అందించబోయాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఈ... ఈసారి మమ్మల్ని లో... లో..." అంది.

రాజు ఆ మాట అందుకోబోయాడు. నీలకేతు వంక చూసి, ఆగాడు. వీధంతా ఆగింది.

"లోపలికి తీసుకుంటే, ర... రేపు బయట ఎవరుంటారు మ... మహారాజా? గుమ్మం ఉంటే ఎ... ఎవరో ఒకరు బయట ఉండాల్సిందే కదా."

అంత మందీ ఆమె మాటని చివరిదాకా వినడం అదే మొదటిసారి. రాజు కిరీటం తీసి రాణి చేతిలో పెట్టాడు. నడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వెళ్లాడు. ముసలి నడుం వంచి తల పెట్టబోతే భుజాలు పట్టలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నేను దీనికి సరిపోను" అన్నాడు మీసాల్లోనే. గుమ్మం కదల్లేదు.

"నేను దీనికి సరిపోను" అన్నాడు నేల చూస్తూ. గుమ్మం కిర్రుమంది.

రాజు తలెత్తి దిబ్బ మీది నుంచి వచ్చినవాళ్లని చూశాడు. "నేను దీనికి సరిపోను! ఏ మనిషీ సరిపోడు. మిమ్మల్ని గుర్రాల్ని ఏరినట్టు ఏరాను. తప్పు నాది, నన్ను క్షమించండి!" అన్నాడు గట్టిగా. గుమ్మం పొడిపొడిగా రాలిపోయింది.

పెద్దన్న పరుగున వచ్చి కూతుర్ని గుండెకి హత్తుకున్నాడు. ఆ నెలలో కంబుగిరిలో ఎన్ని పెళ్లిళ్లయ్యాయంటే, బాజాలవాళ్లు చాలక పొరుగు రాజ్యం నుంచి పిలిపించారు. అందరివీ అయ్యాక, అన్నల తర్వాత, నీలకేతు సంపంగి మెడలో తాళి కట్టాడు. అన్నలు ఇష్టంగా తమ్ముడికే సింహాసనం ఇచ్చారు. అతను చాలా ఏళ్లు రాజ్యం ఏలాడు. సభలో ఎవరు మాట్లాడినా మాట పూర్తయ్యేదాకా ఆగేవాడు.

పెళ్లయిన ఏడాది తిరక్కుండా వాళ్లకి ఒక పాప పుట్టింది. అదిగో, మీరేం అడగబోతున్నారో నాకు తెలుసు. పాపకి కాళ్లు సమానమేనా? మాట తిన్నగా వచ్చిందా? నేనూ చిన్నప్పుడు మా అమ్మమ్మని అదే అడిగాను. కంబుగిరిలో పిల్లలు పుడితే ఎవరూ అలా అడగరట. ఆ ఊరివాళ్లు బాలింత గడపలోకి వచ్చి ఒక్కటే అడుగుతారట, బిడ్డ పాలు తాగిందా అని.

తాగిందట. కడుపు నిండా తాగి నిద్రపోయిందట. మీరూ పడుకోండి ఇక.